జైలు గేటు దాటాక మొదటి 14 రోజులు: విడుదలయ్యే మనిషి కోసం ఇంటివాళ్లు, వలంటీర్లు ఏమేం సిద్ధం చేయాలి

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999 జూలై నుంచి 2003 చివరి దాకా జైళ్ల నుంచి విడుదలైన 30,237 మంది పేర్లను పరిశోధకులు మరణాల రికార్డులతో సరిపోల్చి చూశారు. 2007లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లలో మరణాల రేటు మామూలు జనంతో పోలిస్తే 12.7 రెట్లు. మత్తుమందు మోతాదు మించడమే అన్నిటికంటే పెద్ద కారణం. మన దగ్గర మత్తు సరుకు వేరు, కుటుంబాల తీరు వేరు. అయినా ప్రమాదం ఎక్కడ ఉందో ఆ లెక్క చూపిస్తోంది: గేటు లోపల కాదు, గేటు దాటిన వెంటనే. మనవాళ్లు చేసేది సరిగ్గా దీనికి ఎదురు. లోపల ఉన్నన్నాళ్లూ లాయరు చుట్టూ తిరుగుతారు, మనిషి బయటికి రాగానే గండం గడిచిందనుకుని ఎవరి పనిలో వాళ్లు పడతారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జైళ్ల నుంచి వచ్చేవాళ్ల ఇంటివాళ్ల కోసం, పారాలీగల్ వలంటీర్ల కోసం, చిన్న సంస్థల కోసం ఇది రాస్తున్నాం.

ఇది ఏ రకం విడుదల?

ముందు తేల్చుకోవలసింది ఇదే. బెయిలు మీద వచ్చిన మనిషికి కేసు ఇంకా నడుస్తూనే ఉంటుంది. శిక్ష పూర్తయి వచ్చినవాళ్లకు కోర్టు షరతులు ఉండవు. క్షమాభిక్ష మీద వచ్చిన జీవిత ఖైదీకి ప్రభుత్వ ఉత్తర్వులో షరతులు ఉంటాయి, వాటిని దాటితే మళ్లీ లోపలికే. పెరోల్, ఫర్లో (శిక్ష మధ్యలో ఇచ్చే తాత్కాలిక సెలవులు) మీద వచ్చినవాళ్లు తేదీకి, గంటకి తిరిగి లొంగిపోవాలి. ఫర్లో రోజులు శిక్షలో కలుస్తాయి, పెరోల్ రోజులు కలవవు. జీవిత ఖైదీ 14 ఏళ్ల అసలు జైలుకాలం లెక్కించేటప్పుడు కూడా పెరోల్ రోజులు తీసేయాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు గోవా కేసులో చెప్పింది.

దేశవ్యాప్తంగా 2022 చివరికి జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే మన దగ్గర విడుదలంటే ఎక్కువగా బెయిలే. వృత్తి శిక్షణలు, చదువులు, పునరావాస పథకాలేమో దాదాపు అన్నీ శిక్ష పడ్డవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఏడాదిన్నర రిమాండులో ఉండి ఒక సాయంత్రం హఠాత్తుగా బయటపడే కుర్రాడికి ఏ పథకమూ ఎదురు రాదు. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ అతనికే ఎక్కువ అవసరం.

బెయిలు వచ్చినా మనిషి రాకపోతే

బెయిలు ఉత్తర్వు చేతికొచ్చాక ఆగిపోయేది ఎక్కువగా ష్యూరిటీల దగ్గర. కోర్టు సాధారణంగా ఇద్దరు జామీనుదార్లను (ష్యూరిటీలను) అడుగుతుంది. ఇంటిపన్ను రసీదు, పట్టాదారు పాస్‌బుక్కు, లేదా తహసీల్దార్ ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ (ఆస్తి స్తోమత పత్రం) తీసుకుని వాళ్లు స్వయంగా రావాలి. ఊళ్లో ఎవరూ ముందుకు రాకపోతే కోర్టు బయట డబ్బుకు ష్యూరిటీ ఇచ్చేవాళ్లు ఎదురవుతారు. వాళ్ల జోలికి పోవద్దు. ఒకే రసీదును పది కేసుల్లో వాడిన సంగతి బయటపడితే బెయిలు పోతుంది, పైగా దొంగ పత్రాల కేసు మెడకు చుట్టుకుంటుంది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ పనికొస్తాయి. బెయిలిచ్చిన కోర్టు ఆ ఉత్తర్వు కాపీని అదే రోజు గానీ మర్నాడు గానీ జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి ఈమెయిల్లో పంపాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల దాటినా బాండ్లు దాఖలు కాకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. స్థానిక ష్యూరిటీయే కావాలన్న షరతు వల్ల విడుదల ఆగిపోతుంటే ఆ షరతు పెట్టకూడదని కూడా అందులో ఉంది. ఆ మార్గదర్శకాల తేదీ రాసి, కేసు నంబరు వేసి, ఒక పేజీ అర్జీ జైలు లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఇవ్వండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెప్పేది అదే. న్యాయ సహాయానికి ఫోన్ నంబరు 15100.

డబ్బే అడ్డయితే 2023లో కేంద్రం పెట్టిన పేద ఖైదీల సహాయ పథకం ఉంది. అప్పటి మార్గదర్శకాల్లో విచారణ ఖైదీకి బెయిలు మొత్తం 40,000 రూపాయల దాకా, శిక్ష పడ్డవారికి జరిమానా 25,000 దాకా జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చు. ఇప్పటి పరిమితి ఎంతో న్యాయ సేవాధికార సంస్థలో అడిగి తెలుసుకోండి. ఒక్క సంగతి: మాదకద్రవ్యాల చట్టం, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం), మనీలాండరింగ్, అవినీతి నిరోధక చట్టం కేసులకు ఇది వర్తించదు. విశాఖ ఏజెన్సీలో గంజాయి మూటలు మోసి పట్టుబడ్డ కుర్రాళ్లకు ఈ తలుపు మూసినట్టే. ఆశపెట్టి తిప్పకండి.

మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లకు ఇంకో దారి. ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండులో గడిస్తే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ కింద విడుదల కోరవచ్చు. మిగతావాళ్లకు సగం. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరాలకు, ఒకటికి మించి కేసులు నడుస్తున్నవాళ్లకు వర్తించదు. దరఖాస్తు వేయాల్సింది సూపరింటెండెంటే. అయినా ఆ తేదీని మీరే లెక్కగట్టి గుర్తు చేయండి. ఆ చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1 కంటే ముందు పెట్టిన కేసులకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

జరిమానా లెక్క

శిక్ష పూర్తయ్యే తేదీని ఇంటివాళ్లు తప్పు లెక్కేసేది ఇక్కడే. రిమాండులో గడిపిన రోజులు అసలు శిక్షలోంచి తగ్గుతాయి. జరిమానా కట్టనందుకు పడే అదనపు జైలులోంచి తగ్గవు. ఆ అదనపు జైలు మాత్రం కట్టిన డబ్బు మేరకు తగ్గుతుంది. ఉదాహరణకు 4,000 రూపాయల జరిమానా, కట్టకపోతే నాలుగు నెలలు అనుకుందాం. మొత్తం పోగు కాలేదని చేతులు ముడుచుకు కూర్చోకండి. 3,000 కట్టగలిగితే మిగిలేది ఒక్క నెలే. మిగతా వెయ్యి ఆ నెల మధ్యలో దొరికితే అప్పుడు కట్టేసి ఆ రోజే బయటికి రావచ్చు. లోపల పనిచేసిన కూలి డబ్బు ఖైదీ పేరున పీపీసీ (ఖైదీ సొంత డబ్బు) ఖాతాలో ఉంటుంది. అందులో ఎంత ఉందో ములాఖత్‌లో అడిగించండి. బయట వడ్డీకి తెచ్చేముందు అది వాడుకోవచ్చేమో చూడాలి.

విడుదలకు ముందే చేయాల్సినవి

గేటు దగ్గర జరిగే అతి పెద్ద దెబ్బ పీటీ వారెంట్, అంటే జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో హాజరుపరచమనే వారెంట్. ఒక కేసులో బెయిలు వచ్చిందని ఇంటిల్లిపాదీ గేటు బయట నిలబడి ఉంటారు. ఇంకో స్టేషన్ వాళ్లు పాత కేసులో వారెంట్ తెచ్చి తీసుకుపోతారు. దీన్ని ముందే పట్టుకోవచ్చు. ఈ-కోర్ట్స్ యాప్‌లో మనిషి పేరు, తండ్రి పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం వేసి తను తిరిగిన ప్రతి జిల్లాలోనూ వెతకండి. పేరు రెండు మూడు రకాలుగా రాసి చూడాలి, ఎందుకంటే స్టేషన్లో ఎవరి చెవికి ఎలా వినిపిస్తే అలా రాస్తారు. దొరికిన ప్రతి కేసుకూ సీఎన్ఆర్ నంబరు (ఆ కేసుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) రాసి పెట్టుకోండి. వాయిదాలకు పోక నాన్ బెయిలబుల్ వారెంట్ పడి ఉంటే, లోపల ఉండగానే ఆ కోర్టులో హాజరు వేయించి ఆ కేసులోనూ బెయిలుకు పెట్టించాలి.

పేరు తేడా ఇంకోలా కూడా కొడుతుంది. రిమాండ్ వారెంట్‌లో సత్యనారాయణ, విడుదల ఉత్తర్వులో సత్తిబాబు అని ఉంటే జైలు ఆఫీసు వదలదు, వదలకూడదు కూడా. ఉత్తర్వు చేతికొచ్చిన వెంటనే పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు వారెంట్‌తో పక్కపక్కన పెట్టి చదవండి. తప్పుంటే కోర్టు ఉన్న వేళల్లోనే దిద్దించాలి. శుక్రవారం సాయంత్రం కనిపెట్టిన తప్పు సోమవారం దాకా దిద్దబడదు.

ములాఖత్‌లు మానకండి. అమెరికాలోని మిన్నెసోటాలో విడుదలైన 16,420 మంది మీద 2011లో వచ్చిన అధ్యయనంలో, లోపల ఉండగా ఎవరో ఒకరు చూడడానికి వచ్చినవాళ్లలో మళ్లీ పెద్ద నేరాల్లో శిక్ష పడే అవకాశం 13 శాతం తక్కువ. చూడడానికి వచ్చేవాళ్లు ఉన్న మనిషి మొదటినుంచీ కొంత మెరుగైన పరిస్థితిలో ఉన్నవాడే కదా అని అడగవచ్చు. ఆ తేడాలను లెక్కలో సర్దాకే ఈ అంకె వచ్చింది. చివరి రెండు మూడు ములాఖత్‌లను ఏడుపులకు, సర్దిచెప్పుకోవడాలకు కాకుండా ఈ ప్రశ్నలకు వాడండి: వచ్చాక ఎక్కడ పడుకుంటావు? ఎవరికి అప్పు? లోపల ఎవరితోనైనా బయట కలుద్దామని మాట అయిందా? ఏ మందులు వాడుతున్నావు?

మందులు, మత్తు

జైలు ఆస్పత్రి నుంచి రెండు కావాలి: ఏ జబ్బుకు ఏ మందు ఎంత మోతాదులో ఇస్తున్నారో రాసిన చీటీ, కనీసం రెండు వారాల మందులు. ముందుగా రాతపూర్వకంగా అడిగితే దొరికే అవకాశం ఉంది. గేటు దగ్గర అడిగితే డాక్టరు ఉండడు. క్షయ మందులు మామూలుగా ఆరు నెలల కోర్సు. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, ఇంట్లోవాళ్లకూ అంటుతుంది. నిక్షయ్ నంబరు (ప్రభుత్వ క్షయ రోగుల నమోదు నంబరు) అడిగి రాసుకుంటే మీ ఊరి పీహెచ్‌సీలో అదే కోర్సు కొనసాగుతుంది. హెచ్ఐవీ మందులు వాడేవాళ్లకు ఏఆర్‌టీ కేంద్రం మార్పు కాయితం కావాలి. మానసిక జబ్బు మందులైతే ఒక్క రోజు కూడా ఖాళీ రానీయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.

మత్తు విషయంలో ఇంటివాళ్లకు తెలియాల్సిన సూత్రం ఒక్కటే: నెలల తరబడి మానేసిన ఒంటికి పాత మోతాదు విషం. రోజుకు క్వార్టర్ మందు తాగే మనిషి ఏడాది తరువాత మొదటి రాత్రి స్నేహితులతో కూర్చుని అదే తాగితే వాంతిలో ఊపిరాడక పోవచ్చు. తెలంగాణలో అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు అలవాటున్నవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే సీసాలో ఎంత కలిపారో అమ్మేవాడికే తెలియదు. ‘పాపం, ఇన్నాళ్లకు వచ్చాడు’ అని పోసే మొదటి గ్లాసు ఇంట్లోవాళ్ల చేతిమీదుగా రాకూడదు. మత్తు మాన్పించే సలహాకు 14446.

విడుదల రోజు

ఎంత తొందరున్నా ఒక మాట గుర్తుంచుకోండి: లాకప్ వేశాక వచ్చిన ఉత్తర్వు మీద సాధారణంగా మర్నాటి ఉదయమే పంపుతారు. మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు జైలుకు చేరేలా చూసుకోండి. ఇద్దరు వెళ్తే చాలు. ఒక జత బట్టలు, చెప్పులు, కొంచెం చిల్లర, చిన్న ఫోను. గేటు దగ్గర దండలు, కార్ల ర్యాలీ, రీల్స్ వద్దే వద్దు. సాక్షులను భయపెట్టడానికే ఈ హడావుడి అని ప్రాసిక్యూషన్ బెయిలు రద్దుకు పిటిషన్ వేయడానికి ఆ వీడియోనే ఆధారమవుతుంది.

బయటికొచ్చేముందు తీసుకోవలసినవి: విడుదల ధ్రువపత్రం (లోపలికి వచ్చిన తేదీ, బయటికి వెళ్లిన తేదీ ఉండాలి), పీపీసీ నగదు, అరెస్టు నాడు జమ చేసుకున్న వస్తువులు, శిక్షణ సర్టిఫికెట్లు, మందుల చీటీ. విడుదల ధ్రువపత్రాన్ని మూడు కాపీలు తీసి అసలు దాచండి. రేపు అదే కేసులో శిక్ష పడితే రిమాండు రోజులు తగ్గించుకోవడానికి అదే రుజువు.

బెయిలు షరతులను ఒక చిన్న కాయితం మీద తేలిక తెలుగులో రాసి గోడకు అంటించండి: ప్రతి సోమవారం ఉదయం 10కి ఫలానా స్టేషన్లో సంతకం, ఫలానా మండలం దాటకూడదు, ఫలానా సాక్షుల దగ్గరికి పోకూడదు, వాయిదా తేదీ ఫలానా. ఒక్క సంతకం తప్పినా వారెంట్ దాకా పోతుంది. సంతకం పెట్టిన రోజున స్టేషన్ బోర్డు కనిపించేలా ఫోటో తీసుకోవడం మంచి అలవాటు. ఊరి పెద్దలు ‘పిలిచి మాట్లాడదాం’ అని ఫిర్యాదుదారు ఇంటికి తీసుకెళ్తామన్నా కేసు నడుస్తుండగా వెళ్లకూడదు. మంచి మనసుతో వెళ్లినా సాక్షిని ప్రభావితం చేసినట్టే లెక్క.

కాయితాలు: ఏది ముందు, ఏది తరువాత

మొదట సిమ్ము. మూడు నెలలు వాడని ప్రీపెయిడ్ నంబరు రద్దయి, ఆ తరువాత ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. అప్పుడు ఆధార్, బ్యాంకు ఓటీపీలు ఆ పరాయి మనిషికి పోతుంటాయి. కొత్త సిమ్ము తీసుకుని, ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్ర వేసి నంబరు మార్పించండి. దీనికి వేరే పత్రాలు అడగరు. ఇది జరగకుండా మిగతా ఏ పనీ కదలదు.

తరువాత బ్యాంకు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రాణమవుతుంది. కేవైసీ ఇస్తే తిరిగి తెరవాలి. దీనికి రుసుము తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2024 నుంచి అమలయ్యేలా చెప్పింది. కౌంటర్లో అడిగితే ఈ మాట చెప్పండి. రేషన్ కార్డులో పేరు ఉందో లేదో ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో చూపించుకోండి. డ్రైవర్లయితే లైసెన్సు గడువు ముందు చూడాలి. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ టెస్టు పాసవ్వాలి.

ఓటు పోయిందని చాలామంది అనుకుంటారు. పోలేదు. జైల్లో ఉండగా ఓటేయడానికి లేదు గానీ, ఆ కారణంగా జాబితాలోంచి పేరు తీసేయడానికీ లేదు.

ఎవరికి ఎంత సాయం: పరిశోధన చెప్పేది

ఖైదీలను మార్చే కార్యక్రమాల మీద 1974లో అమెరికాలో రాబర్ట్ మార్టిన్సన్ రాసిన ఒక సమీక్ష తరువాత ‘ఏదీ పనిచేయదు’ అన్న మాట స్థిరపడిపోయింది. కెనడాలో డాన్ ఆండ్రూస్, జేమ్స్ బోంటా, రాబర్ట్ హోజ్ 1990లో దానికి ఎదురు నిలబడ్డారు. వాళ్ల వాదన ఇది: సాయం ఎంత ఇవ్వాలన్నది మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంతుందో దాన్ని బట్టి ఉండాలి. నేరానికి నేరుగా దారితీసే విషయాల మీదే పని చేయాలి. నేర్పే పద్ధతి ఆ మనిషికి ఎక్కేలా ఉండాలి.

మొదటి మాట మన సంస్థలకు మింగుడుపడదు. బాగా మాట వినే, చదువుకున్న, ఒక్క పొరపాటుతో లోపలికి వెళ్లిన మనిషినే మనం శిక్షణకు ఎంచుకుంటాం, ఫోటోలకూ బాగుంటుంది. అమెరికాలోని ఒహాయోలో హాఫ్‌వే హౌస్‌ల (విడుదలైనవాళ్లను కొన్నాళ్లు ఉంచే పునరావాస కేంద్రాల) మీద 2002లో వచ్చిన అధ్యయనంలో తేలింది వేరు. ప్రమాదం తక్కువ ఉన్నవాళ్లను అలాంటి గట్టి కార్యక్రమాల్లో పెడితే వాళ్లలో మళ్లీ నేరాలు పెరిగాయి. కారణం సులువే. వాళ్లను పనికి, ఇంటికి దూరం చేసి, ముదురు నేరస్థుల పక్కన కూర్చోబెట్టారు. అలాంటి మనిషికి కాయితాలు సరిచేసి, పనికి పంపి, తప్పుకోవడమే మేలు. మీ సమయమంతా అవసరమయ్యేది మూడోసారి దొంగతనం కేసులో వచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాడికి.

ప్రమాదం అంచనా వేయడానికి పెద్ద ఫారాలు అక్కర్లేదు. ఇవి అడగండి. ఇంతకుముందు ఎన్ని కేసులు, మొదటిది ఏ వయసులో? ఫోన్లో ఎక్కువగా మాట్లాడే ఐదుగురిలో కేసులున్నవాళ్లెందరు? సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా ఏం చేస్తాడు? తాగుతాడా? ఇంట్లో అతని మాట ఎవరికి ఇష్టం, అతను ఎవరి మాట వింటాడు? జరిగినదానికి ఎవరిది తప్పంటాడు? ఆత్మగౌరవం పెంచే ఉపన్యాసాలు, యోగా తరగతులు మనసుకు హాయినివ్వవచ్చు, కానీ మళ్లీ నేరం చేయడానికి కారణాల జాబితాలో ఆత్మగౌరవ లోపం పైన లేదు. పిల్లలను జైలుకు తీసుకెళ్లి భయపెట్టే కార్యక్రమాలు మేలు చేయకపోగా నేరాలు పెంచాయని, అధ్యయనాలను కలిపి చూసే కాంప్‌బెల్ సంస్థ సమీక్షలో తేలింది.

పనిచేసినట్టు బలంగా కనిపించేది ఆలోచనా పద్ధతి మార్చే శిక్షణ. అలాంటి 58 అధ్యయనాలను కలిపి చూస్తే మళ్లీ నేరం చేసే రేటు సగటున పావు వంతు తగ్గింది. దీని చిన్న రూపం ఇంట్లో, సంస్థలో చేయవచ్చు. నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: ఏం జరిగింది, మనసులో ఏ మాట మెదిలింది, ఏం చేశాను, ఇంకేం చేసి ఉండవచ్చు. ఒక నమూనా:

జరిగింది: రాత్రి తొమ్మిదికి పాత దోస్తు ఫోన్, ‘బండి మీద ఒక ట్రిప్పు, రెండు వేలు.’
మెదిలింది: ‘ఇంట్లో చేయి చాస్తున్నా, ఒక్కసారికి ఏమవుతుంది.’
చేసింది: ‘చూస్తాలే’ అన్నాను.
చేయగలిగింది: ‘నాకు సోమవారం సంతకం ఉంది, నన్ను పిలవకు’ అని పెట్టేయడం. అన్నయ్యకు ఫోన్ చేయడం.

ఆ ‘చూస్తాలే’ దగ్గరే పని ఉంది. కాదనే మాటను నోటితో ఐదారుసార్లు పైకి అనిపించండి, మీరు దోస్తు వేషం వేసి బతిమాలండి. చదివించడం కంటే ఇలా ఆడించడం పనిచేస్తుంది. వారానికి ఒకటి రెండు సంఘటనలు చాలు.

పని

2003లో అచ్చయిన, అమెరికా సామాజిక శాస్త్రవేత్త దేవా పేజర్ మిల్వాకీ నగరంలో చేసిన ప్రయోగంలో ఒకే రకం అర్హతలున్న యువకులను ఉద్యోగాలకు పంపారు. తెల్లవాళ్లలో నేరచరిత్ర లేనివారికి 34 శాతం చోట్ల తిరిగి పిలుపు వస్తే, ఉన్నట్టు చెప్పినవారికి 17 శాతం. నల్లవాళ్లలో అది 14 నుంచి 5కి పడిపోయింది. 2009లో ఆమె బృందం న్యూయార్క్ ఫలితాల్లో ఇంకో సంగతి చూపింది: యజమాని మనిషిని ఎదురుగా చూసి మాట్లాడిన చోట ఆ దెబ్బ కొంత తగ్గింది. ఇక్కడ అర్థం ఏమిటంటే, బయోడేటాలు పంచుతూ కూర్చోవద్దు. తెలిసిన మేస్త్రీ, తెలిసిన షాపు యజమాని దగ్గరికి ఎవరో ఒకరు వెంట వెళ్లి కలపండి.

యజమానికి చెప్పాల్సినది మూడే వాక్యాలు, ఇంటి దగ్గరే అలవాటు చేయించండి: ‘సార్, ఒక గొడవ కేసులో ఏడాది లోపల ఉన్నాను. అక్కడ వెల్డింగ్ నేర్చుకున్నాను, ఇదిగో సర్టిఫికెట్. నెలకోసారి వాయిదా ఉంటుంది, తేదీ ముందే చెప్తాను.’ కథంతా చెప్పుకోవడం, పోలీసులను తిట్టడం, ఏడవడం వద్దు. వాయిదా సంగతి దాచితే మొదటి నెలలోనే పని పోతుంది. దరఖాస్తు ఫారంలో ఏ ప్రశ్న ఉందో దానికే జవాబు: శిక్ష పడిందా అని ఉంటే, కేసు నడుస్తున్న మనిషి ‘లేదు’ అని రాయడం అబద్ధం కాదు. కేసు ఉందా అని ఉంటే ‘ఉంది’. ప్రభుత్వ ఉద్యోగాల్లో దాచడం కేసు కంటే పెద్ద అడ్డంకి అవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాలను లాయరుతో చదివించుకున్నాకే ఫారం నింపండి. ప్రొబేషన్ చట్టం కింద (జైలుకు పంపకుండా మంచి నడవడి షరతు మీద) వదిలేసినవాళ్లకు 12వ సెక్షన్ వల్ల ఆ శిక్ష తాలూకు అనర్హత అంటదు.

లోపల చదువు వృథా అనుకోకండి. 2013లో అమెరికా పరిశోధన సంస్థ రాండ్ పాత అధ్యయనాలను కలిపి చూస్తే, జైల్లో చదువుకున్నవాళ్లు తిరిగి జైలుకు వచ్చే అవకాశం 43 శాతం తక్కువ. శిక్ష ఇంకా మిగిలి ఉంటే ఓపెన్ స్కూలు, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం గురించి జైలు టీచరును అడగండి.

పని అందరి మీదా ఒకేలా పనిచేయదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఉగ్గెన్ 2000లో తేల్చినది: ఇచ్చిన ఉద్యోగం 27 ఏళ్లు, ఆపై వయసువాళ్లను నేరం నుంచి మళ్లించింది, అంతకంటే చిన్నవాళ్ల మీద ప్రభావం కనబడలేదు. చిన్న కుర్రాడికి పని ఇప్పించి వదిలేస్తే చాలదని, సాయంత్రాలనూ స్నేహాలనూ పట్టించుకోవాలని దీన్నిబట్టి అనుకోవచ్చు.

పోలీసు షీట్లు

రౌడీషీట్, సస్పెక్ట్ షీట్ తెరిచి ఉంటే తరచూ పిలుస్తారు, పని చేసే చోటికి వస్తారు. గొడవ పడకండి. కొత్త కేసులు లేని కాలాన్ని చూపిస్తూ, పని రుజువు జతచేసి, షీట్ మూసేయమని ఎస్పీకి గానీ కమిషనర్‌కి గానీ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు లేకపోతే హైకోర్టులో రిట్. రాత్రిపూట ఇంటి తనిఖీలను సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో కొట్టేసింది. కేసు కొట్టేసి, అప్పీళ్లు కూడా ముగిసి, ఇంతకుముందు శిక్ష లేని మనిషైతే, 2022 నాటి నేర ప్రక్రియ (గుర్తింపు) చట్టం కింద తీసుకున్న వేలిముద్రలు, కొలతలు చెరిపేయాలి. కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప. ఇది అడగకుండా జరగదు.

ఆడవాళ్లు వేరే

మగవాడికి గేటు దగ్గర తల్లో పెళ్లామో ఉంటుంది. ఆడవాళ్లకు చాలాసార్లు ఎవరూ ఉండరు. విడుదలకు నెల ముందే పుట్టింటివాళ్లు రానిస్తారా లేదా సూటిగా అడిగి, లేదంటే శక్తి సదన్‌లో (దిక్కులేని ఆడవాళ్లకు ప్రభుత్వ ఆశ్రయ గృహంలో) చోటు మాట్లాడండి. డ్వాక్రా సంఘంలో ఆమె బాకీ ఎంత నిలిచిందో లీడరును కలిసి కనుక్కోండి. సంఘం మొత్తానికి అప్పు ఆగిపోయి ఉంటే ఆమె మీద కోపం కేసు వల్ల కాదు, ఆ బాకీ వల్లే. వాయిదాలు కట్టేలా తిరిగి రాయించుకుంటే సగం ఊరు మెత్తబడుతుంది. జైల్లో ఆమెతోపాటు ఉన్న బిడ్డకు ఆరేళ్లు రాకముందే బడి చూడాలి. పుట్టింది జైల్లోనైనా జనన ధ్రువపత్రంలో జైలు పేరు ఉండకూడదని ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పేరు కనబడితే మున్సిపాలిటీలో దిద్దించండి.

సంస్థలు లెక్క ఎలా పెట్టాలి

‘మా దగ్గరికి వచ్చినవాళ్లలో 95 శాతం మారిపోయారు’ అని రాసే కరపత్రాలను నమ్మకండి, మీరూ రాయకండి. మొదట మళ్లీ నేరం అంటే ఏమిటో తేల్చుకోవాలి: కొత్త ఎఫ్ఐఆరా, శిక్షా, తిరిగి జైలుకు రావడమా? ఒక్కో కొలతకు ఒక్కో అంకె వస్తుంది. మన కోర్టుల వేగానికి శిక్షను కొలతగా తీసుకుంటే రెండేళ్లలో దాదాపు ఎవరూ మళ్లీ నేరం చేయనట్టే కనిపిస్తారు. కాబట్టి కొత్త ఎఫ్ఐఆర్ వాడండి, విడుదల తేదీ నుంచి ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు ఈ-కోర్ట్స్‌లో వెతకండి.

ఫోన్ ఎత్తని మనిషిని ‘బాగున్నాడు’ గడిలో వేయకండి, ‘తెలియదు’ గడి వేరే పెట్టండి. మధ్యలో మానేసినవాళ్లను కూడా మొత్తంలో ఉంచండి. పూర్తిచేసినవాళ్లనే లెక్కిస్తే ఏ కార్యక్రమమైనా అద్భుతంగా కనిపిస్తుంది, ఎందుకంటే చివరిదాకా నిలిచేవాళ్లు ఎలాగూ నిలదొక్కుకునేవాళ్లే. సీట్లు 30, దరఖాస్తులు 60 వచ్చినప్పుడు మీకు నచ్చినవాళ్లను ఎంచకుండా చీటీలు తీయండి. చీటీ రాని 30 మందికి కాయితాల సాయం యథావిధిగా ఇస్తూ, వాళ్ల పేర్లనూ అదే పట్టికలో అన్నేళ్లూ వెతకండి. ఆ పట్టికలో పేర్ల బదులు నంబర్లు ఉండాలి. పేర్ల జాబితా వేరే ఫైల్లో, తాళం కింద. అది స్టేషన్ చేతికి పోతే మీ దగ్గరికి రేపటినుంచి ఎవరూ రారు.